అందరూ దిగిన బస్సు

హాస్టల్, రెండో అంతస్తు మూల గది
ఆదివారం

అత్తా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో. కూర్చున్నావా? నేను కంప్యూటర్ కోర్సులో చేరలేదు. నాన్న నీతో అలా చెప్పింది నా పోరు పడలేకే, ఆయన్ని ఏమీ అనకు. నేను చేరింది ఎయిర్‌హోస్టెస్ శిక్షణలో. అవును, నువ్వు "లిప్‌స్టిక్ బడి" అని వెక్కిరించే ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లోనే.

వారమంతా మా ఫోన్లు వార్డెన్ బీరువాలో ఉంటాయి. ఆదివారం ఇస్తారు గాని, ఫోన్లో నీకు ఈ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. మూడో మాటకి నువ్వు అరుస్తావు, నాలుగో మాటకి నేను ఏడుస్తాను. అదీగాక, నోరు తెరిస్తే ఆపనని నాకు వసపిట్ట అని పేరు పెట్టింది నువ్వే. కాగితమైతే ఎక్కడో ఒకచోట అయిపోతుంది.

ఇక్కడ ఒక పొడవాటి గదిలో కుర్చీలు విమానంలోలాగా వరుసలుగా వేసి, మధ్య దారికి నేల మీద పసుపు టేపు అంటించారు. ఆ టేపు తొక్కకుండా తోపుడుబండి తోసుకుంటూ అటూ ఇటూ తిరగాలి. బండి చక్రం ఒకటి ఎడమకే లాగుతుంది. సారు, అంటే ఈ ఇన్‌స్టిట్యూట్ నడిపే ఆయన, "చక్రం వంకరైనా మీ నవ్వు వంకర పోకూడదు" అంటారు. నవ్వుకీ కొలతలున్నాయి. పైపళ్ళు కనిపించాలి, చిగుళ్ళు కనిపించకూడదు. అద్దం ముందు నవ్వీ నవ్వీ దవడలు పట్టేశాయి.

నా గదిలో ఇంకో అమ్మాయి ఉంటుంది. ఎప్పుడు చూసినా మూగనోము పట్టినట్టే ఉంటుంది కాబట్టి ఆ పేరే పెట్టేశాను. కోపం తెచ్చుకోలేదు, చిన్నగా తలూపింది. వసపిట్టనీ మూగనోమునీ ఒకే గదిలో పడేసిన వార్డెన్‌కి ఏదైనా బహుమానం ఇవ్వాలి.

తిట్టు. కానీ రాసి తిట్టు.

నీ వసపిట్ట


విమానాశ్రయం వెనక క్వార్టర్స్
గురువారం, డ్యూటీ నుంచి వచ్చాక

వసపిట్టకి,

కూర్చునే చదివాను. చదివాక లేచి నిలబడ్డాను.

మా అన్నయ్యని అనొద్దన్నావు కాబట్టి నిన్నే అంటాను. ఇన్నేళ్ళు ఈ ఉద్యోగం చేసి, ఇప్పుడు కొత్తవాళ్ళని ఎంపిక చేసే ప్యానెల్లో కూర్చుంటున్నాను. నాకు శిక్షణ ఇచ్చింది ఎవరు? మా కంపెనీ. తలుపు తెరవడం, మంట ఆర్పడం, గుండె ఆగినవాడి ఛాతీ నొక్కడం, ఆఖరికి పురుడు పోయడం దాకా ఉద్యోగంలోకి తీసుకున్నాక మేమే నేర్పుతాం. ముందే నేర్చుకుని రమ్మని మేం ఎవర్నీ అడగలేదు. మీ సారు అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నాడు, నువ్వు తొంగి చూస్తున్నావు.

ఆ బడి పిల్లల్ని నేను గుమ్మంలోనే గుర్తుపడతాను. అదే నవ్వు, అదే నడక, అందరి చేతులూ ఒకేలా ఒళ్ళో ముడుచుకుని ఉంటాయి. ఈ ఉద్యోగం ఎందుకమ్మా అంటే ప్రతివాళ్ళకీ చిన్నప్పుడు డాబా మీంచి విమానం కనిపించే ఉంటుంది. ఆ చిలకపలుకులు వినీ వినీ నాకు విసుగు పుట్టింది. వాళ్ళకి మార్కులు వెయ్యను, అంతే.

సరే, చేరావు. ఈ వర్షాలు తగ్గేలోగా మా కంపెనీ ఎంపికలున్నాయి. నువ్వు వస్తే మన బంధుత్వం నేను ముందే ఆఫీసులో చెబుతాను, నిన్ను నా గదికి పంపరు. లోపల నా పేరెత్తావో, ఈ పిల్లెవరో నాకు తెలియదంటాను.

వేళకి తిను. సన్నబడితే అందం అని మీ సారు చెప్పుంటాడు, నమ్మకు. బండి తొయ్యాలంటే ఒంట్లో ఓపికుండాలి.

అత్త


హాస్టల్
ఆదివారం

అత్తా,

నీ తిట్లన్నీ మూగనోముకి చదివి వినిపించాను. డాబా మీద విమానం అన్నచోట ఆ పిల్ల మొదటిసారి పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. చిగుళ్ళు కూడా కనిపించాయి.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. తాతయ్య రోజూ పొద్దున్నే నీ చేత ఇంగ్లీషు పేపరు పైకి చదివించేవాడని నాన్న ఎప్పుడూ చెబుతాడు. ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ నువ్వే ఎదురెళ్ళి మాట్లాడాలట. అంటే నీకు శిక్షణ అక్కర్లేకపోవడం కాదు, ఇంట్లోనే అయిపోయింది. మూగనోము ఇక్కడికి వచ్చినప్పుడు ఎవరైనా పేరడిగితే నేలకి చెప్పేది. వాళ్ళన్నయ్య బట్టల కొట్లో కౌంటర్ దగ్గర కూర్చోబెడతానంటే, ఒక్క అవకాశం ఇమ్మని బతిమాలి వచ్చింది. ఇప్పుడు గది చివరిదాకా వినిపించేలా "బెల్టు పెట్టుకోండి" అంటోంది. ఈ బడే లేకపోతే ఆ పిల్లకి ఆ గొంతు ఎవరిచ్చేవారు? మీ కంపెనీ ఇస్తుందా? ముందే గొంతున్నవాళ్ళని చూసి కదా మీరు తీసుకునేది!

ఈ వారం మాకు "అనుభవం" క్లాసు జరిగింది. ఆపద వచ్చినప్పుడు నువ్వేం చేశావో చెప్పు అని ప్యానెల్ తప్పకుండా అడుగుతుందట. నా దగ్గరేముంది చెప్పడానికి? నా బతుకులో వచ్చిన పెద్ద ఆపద లెక్కల పరీక్ష. ఏదో వాగితే సారు ఆవలించారు. తర్వాత మూగనోము లేచింది. తనకి జరిగినది ముక్కలు ముక్కలుగా చెప్పడం మొదలుపెట్టింది. గది గదంతా చప్పుడు లేదు. సగంలో ఆగిపోయింది, ఎంత అడిగినా ఇంక చెప్పలేదు. మిగతాది సారు తన గదిలోకి పిలిచి విన్నారు.

అదేమిటో నీకు మాత్రం రాయను. ఇవి క్లాసు దాటి పోకూడదన్నారు సారు. అందులోనూ నువ్వు బల్లకి అవతలి వైపు మనిషివి.

నీ వసపిట్ట


క్వార్టర్స్
సోమవారం

వసపిట్టకి,

తాతయ్య పేపరు సంగతి రాశావు. అది నిజమే. నిజమని ఒప్పుకోవడం నాకు చిరాకు, అందుకే వారం ఆలస్యంగా రాస్తున్నాను.

ఆపద సంగతి ఒక్కటే చెబుతాను. ఏమీ జరగలేదని చెప్పు. "నాకింతవరకూ ఏ ఆపదా రాలేదండీ, వస్తే ఏం చేస్తానో నాకే తెలియదు, నేర్పితే నేర్చుకుంటాను" అను. అలా చెప్పిన పిల్ల నాకు ఇంతవరకూ ఎదురుపడలేదు. ఎదురుపడితే లేచి వెళ్ళి చెయ్యి పట్టుకుంటాను. ఎరువు సొమ్ము బరువు చేటు అన్నారు. పక్కవాళ్ళ నగ పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినదానికి రాత్రంతా మెడ తడుముకోవడమే సరిపోతుంది.

జుట్టు బిగించి ముడి వేసుకో. కళ్ళు గుంజుకుపోయేంతగా మాత్రం వద్దు.

అత్త


హాస్టల్
ఇంటర్వ్యూ రోజు సాయంత్రం

అత్తా,

అయిపోయింది. నేను బాగానే చెప్పాననుకుంటాను. ఏం చెప్పానో తర్వాత రాస్తాను.

నాది పొద్దున అయింది, మూగనోముది మధ్యాహ్నం. దాన్ని నీ గదికే వేశారట. తిరిగొచ్చాక చీర కూడా మార్చుకోకుండా గోడవైపు తిరిగి పడుకుంది. ఏమైందే అంటే ఏమీ లేదంటుంది. లోపల ఏం జరిగింది? నువ్వేమీ అనలేదు కదా? గట్టిగా మాట్లాడితే అది బెదిరిపోతుంది. లోపలి మాట నువ్వు బయట చెప్పకూడదని తెలుసు, అయినా అడుగుతున్నాను. కొంచెం రాయి.

వసపిట్ట


క్వార్టర్స్
మర్నాడు

నా బంగారు వసపిట్టకి,

నీ ఉత్తరం కోసం ఆగలేకపోతున్నాను. నీ పేరు ఎంపికైన వాళ్ళలో ఉంది! కబురు వారంలో వస్తుంది, అప్పటిదాకా నోరు కుట్టేసుకో. నీకు కష్టమేననుకో.

ఇంత పని చేసి నాకు ఇన్నాళ్ళూ చెప్పలేదేం? నిన్న మధ్యాహ్నం టీ దగ్గర పక్క గది ప్యానెల్ ఆవిడ వచ్చి, "ఒక అమ్మాయి బస్సు సంగతి చెబుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి" అంది. బస్సులో పొగ కమ్ముకుందట. ఒక ముసలాయన తలుపు పక్కనే కూర్చుని, సంచీ వదలను, దిగను అని దారికి అడ్డం పడ్డాడట. ఆ పిల్ల బతిమాలలేదు, వాదించలేదు, సంచీ లాక్కుని కిటికీలోంచి బయటికి విసిరేసిందట. సంచీ కోసం ఆయన ఉరికాడు, ఆయన వెనకాల జనమంతా దిగారు. ఎవరా పిల్ల అంటే, "మాటలు గలగలా, గడ్డం మీద పుట్టుమచ్చ" అంది. నా చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. ఒక గదిలో మాట ఇంకో గదికి చేరకూడదని మాకు నియమం. ఆవిడ చెప్పడం తప్పు, నేను చెవి ఒగ్గడం ఇంకా తప్పు. కానీ ఆ క్షణాన నేను ప్యానెల్ మనిషిని కాదు, నీ అత్తనే. ఎప్పుడు జరిగింది ఇదంతా? అన్నయ్యకి తెలుసా?

ఇంకో మాట. ఆ టీ అయ్యాక నా గదికి మీ ఇన్‌స్టిట్యూట్ పిల్లే ఒకతె వచ్చింది. మాట చివర మింగేసే రకం. ఆపద అనేసరికి అదే బస్సు, అదే సంచీ! నా ఒళ్ళు మండిపోయింది. కథ సగంలోనే ఆపేశాను. "ఇది వేరే అమ్మాయి అనుభవం. పొద్దున్నే వచ్చి చెప్పి వెళ్ళింది. ఇంకొకరిది ఎత్తుకొచ్చేవాళ్ళ చేతుల్లో మేం ప్రయాణికుల్ని పెట్టలేం" అన్నాను. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. దొరికిపోయాక ఏం చెబుతుంది? కుర్చీ మెల్లిగా లోపలికి జరిపి వెళ్ళిపోయింది. అలాంటివాళ్ళ దగ్గర నువ్వు జాగ్రత్తగా ఉండు.

పొంగిపోతున్న
అత్త


హాస్టల్
శుక్రవారం

అత్తా,

నీ ఉత్తరం అందింది. సంతోషం. నాన్నకి ఇంకా ఏమీ చెప్పకు. బస్సు సంగతి చాలా పాతది, తర్వాత వివరంగా రాస్తాను. ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది.

ఉంటాను.


క్వార్టర్స్
మంగళవారం

వసపిట్టకి,

నువ్వు నాలుగు ముక్కలతో ఆపేశావంటే నాకు నీ జ్వరం మీద నమ్మకం కలగలేదు. తేలుకుట్టిన దొంగలా ఉంది నీ ఉత్తరం.

ఇంటర్వ్యూ సాయంత్రం నువ్వు రాసింది నాకు ఆలస్యంగా అందింది. మూగనోముని నా గదికి వేశారని రాశావు అందులో. మీ ఇన్‌స్టిట్యూట్ నుంచి నా గదికి వచ్చింది ఒక్కతే పిల్ల. వెంటనే నీ పాత ఉత్తరాలు తీశాను. ఆ పిల్ల ముక్కలు ముక్కలుగా చెప్పింది, గది గదంతా చప్పుడు లేదు అని రాశావు. నీ బతుకులో పెద్ద ఆపద లెక్కల పరీక్ష అని కూడా రాశావు.

ఒకటే అడుగుతున్నాను. ఆ బస్సులో నువ్వున్నావా? ఒక్క మాట చాలు. ఈసారి వాగకు.

అత్త


హాస్టల్
గురువారం

అత్తా,

లేను.

ఈ ఒక్క మాట రాయడానికి ఎన్ని కాగితాలు చింపానో. ఇప్పుడు వాగనివ్వు, లోపల ఉంచుకోలేను.

ఆ బస్సులో ఉన్నది మూగనోమే. ఆరోజు క్లాసులో చెప్పింది అదే. సారు దాన్ని దిద్ది, చివర "అందరూ క్షేమంగా దిగారు, పెద్దాయన నా తల నిమిరాడు" అని ముగించి, బోర్డు మీద రాసి మా అందరి చేతా చెప్పించారు. "సంఘటన ఎవరిదైతేనేం, చెప్పే తీరు మీది" అన్నారు. అందరిలోకీ నేను బాగా చెబుతానట. నన్ను ముందు నిలబెట్టి, "చూడు, నీ కథ ఎలా చెప్పాలో" అని మూగనోముకే చూపించేవారు. నేను పొంగిపోయేదాన్ని. అది నా మొహంలోకి చూస్తూ కదలకుండా వినేది. నాకు సిగ్గెయ్యలేదు అత్తా. అదే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

ఒట్టు, ఇంటర్వ్యూలో చెప్పకూడదనే వెళ్ళాను. నువ్వు రాసినట్టు నాకేమీ జరగలేదని మొదలుపెట్టాను కూడా. ప్యానెల్లో ఒకాయన పెన్నుకి మూత పెట్టేసి గోడ వైపు చూశాడు. నేను ఓడిపోతున్నానని తెలిసిపోయింది. అంతే, బస్సు నా నోట్లోంచి దానంతటదే బయల్దేరింది. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో అన్నీ సరిగ్గా వచ్చాయి. ఆయన పెన్ను మూత మళ్ళీ తీశాడు. మధ్యాహ్నం మూగనోము కూడా అదే చెప్పుకుంటుందని నాకు తెలుసు. వేరే గది కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

వేరే అమ్మాయి పొద్దున్నే చెప్పి వెళ్ళిందని నువ్వు అన్నప్పుడే అది నేనేనని దానికి అర్థమైపోయి ఉంటుంది. అయినా నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు నా తడి తువ్వాలు దాని మంచం మీద పడి ఉంటే తీసి ఆరేసింది. ఆ తువ్వాలుతో నా మొహాన కొట్టినా బాగుండేది. పెట్టె సర్దుకుంటోంది. ఈ నెలాఖరుకి వాళ్ళన్నయ్య వచ్చి తీసుకెళ్తాడు. వచ్చే ఏడాది మళ్ళీ ప్రయత్నించడానికి లేదు, అప్పటికి మీ కంపెనీ పెట్టిన వయసు దాటిపోతుంది.

నేనేం చెయ్యను?

వసపిట్ట


క్వార్టర్స్
ఆదివారం

అమ్మడూ,

నీ మీద కోపం తర్వాత. ముందు నా మీద నాకే అసహ్యంగా ఉంది. ఆ పిల్ల కుర్చీ లోపలికి జరపడం ఇంకా కళ్ళకి కడుతోంది.

అయినా నిదానంగా విను. నువ్వు ఆఫీసుకి నిజం రాస్తే నీ పేరు కొట్టేస్తారు. మళ్ళీ మా గుమ్మం ఎక్కనివ్వరు. టీ దగ్గర మాట విని నేను మార్కులు వేశానని కూడా బయటికొస్తుంది. ఇన్నేళ్ళ నా పేరు ఒక్క మధ్యాహ్నంతో పోతుంది. నేను భయపడుతున్నాను. దాచి ఏం లాభం?

అందుకే కొన్నాళ్ళు ఆగు. నువ్వు చేరిపో. నీ శిక్షణ ముగిశాక, అంతా సద్దుమణిగాక, ఆ పిల్ల కోసం ఇంకో కంపెనీలో తెలిసినవాళ్ళతో నేనే మాట్లాడతాను. నువ్వు చిన్నదానివి. ఒక్క తప్పుకి బతుకంతా పణంగా పెట్టక్కర్లేదు. అన్నయ్య ఎంత మురిసిపోతాడో ఒక్కసారి ఆలోచించు.

ఈ ఉత్తరం చింపెయ్.

అత్త


హాస్టల్
బుధవారం

అత్తా,

చింపలేదు.

గుమ్మంలోనే గుర్తుపడతానన్నావు. ఏం గుర్తుపట్టావు? నేను దొంగిలించి చెబితే పొంగిపోయావు, అది తనది తాను చెప్పుకుంటే దొంగవన్నావు. తప్పు నాదే, ముందు నాదే. కానీ ఇప్పుడు నువ్వు చెబుతున్నది కూడా మా సారు మాటలాగే ఉంది. కొంచెం దిద్దుకుంటే సరిపోతుందంటున్నావు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కేశాను. కనీసం కడుక్కోనివ్వు.

పొద్దున్నే మీ ఆఫీసుకి రిజిస్టరు పోస్టులో పంపించాను. ఆ అనుభవం ఎవరిదో, క్లాసులో ఏం జరిగిందో, నేనేం చేశానో అంతా రాశాను. నీ టీ సంగతి రాయలేదు. చెప్పాలో మానాలో నువ్వే చూసుకో, నేను దాని జోలికి రాను. వార్డెన్‌ని బతిమాలి ఫోన్ తీసుకుని నాన్నకి కూడా నేనే చెప్పాను. అంతా విని, "అన్నం తిన్నావా" అని అడిగాడు. నాకు ఏడుపు ఆగలేదు.

మూగనోముకి చెబితే "ఎందుకు రాశావు?" అంది. కోపమో, భయమో నాకు తెలియలేదు.

వసపిట్ట


క్వార్టర్స్
పై వారం, శనివారం

అమ్మడూ,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను భోజనం చెయ్యలేదు. నువ్వు రాసినదానికి కాదు, అది నిజమైనందుకు. మర్నాడు ఆఫీసుకి వెళ్ళి నేనూ చెప్పాను. టీ సంగతి, పుట్టుమచ్చ సంగతి, నా పొంగు, నా కోపం, ఏదీ దాచలేదు. నన్ను ప్యానెల్ నుంచి తీసేశారు. విమానంలో డ్యూటీ మాత్రం ఉంచారు, అది చాలు. నీ పేరు కొట్టేశారు. మా కంపెనీకి నువ్వు మళ్ళీ దరఖాస్తు పెట్టడానికి లేదు. ఈ వాక్యం రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను.

మూగనోముని నిన్న మళ్ళీ పిలిచారు. అది నీకు తెలుసు. లోపల ఏం జరిగిందో అది నీకు చెప్పి ఉండదు, అందుకే రాస్తున్నాను.

కొత్త ప్యానెల్లో పెద్ద, రిటైరైన పైలట్. ముందు నన్ను పిలిచి ఆ పిల్ల ఎదుటే నా తప్పు చెప్పమన్నారు. చెప్పాను. పక్కన కూర్చోమన్నారు. తర్వాత ఆయన ఆ పిల్లతో, "కథ మాకు తెలుసు, ఇద్దరి నోట విన్నాం. మళ్ళీ చెప్పక్కర్లేదు. ఒకటే ప్రశ్న. అందరూ దిగారా?" అన్నాడు.

నేను లోలోపల అవునని చెప్పేశాను. నువ్వూ అలాగే ముగించావు కదా.

అది తలెత్తి ఆయన కళ్ళలోకి చూసింది. "లేదండీ" అంది.

అప్పుడు చెప్పింది, మాట చివర మింగకుండా. వెనక వరుసలో ఒకావిడ కిటికీకి తల ఆనించి నిద్రపోతోందట. బస్సెక్కినప్పుడు ఆవిడే జరిగి చోటిస్తే, కుదుపులుంటాయని ఇది ముందుకి వెళ్ళి కూర్చుందట. "పెద్దాయన సంచీ విసిరాక ఆయన్ని తోసుకుంటూ నేనూ దిగిపోయానండీ. రోడ్డు మీద నిలబడి అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. నేను వెనక్కి చూడలేదు. చూసేటప్పటికి బస్సు నిండా పొగ. ఆవిడ దిగలేదు."

మీ క్లాసులో చెప్పుకునే కథలో ఈ మాట ఎందుకు లేదని అడిగాడు పైలట్. "మా సారు తీసెయ్యమన్నారు. ఈ ఉద్యోగానికి వచ్చి చావు మాట ఎత్తకూడదన్నారు" అంది.

దాన్ని తీసుకున్నారు. అందరినీ దింపాక చివరి వరుస దాకా చూసి గాని నువ్వు దిగకూడదని మా శిక్షణలో నూరిపోస్తాం. నేనే ఎన్ని బ్యాచ్‌లకి చెప్పానో. ఆ పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒకటి ఒప్పుకోవాలి, ఒప్పుకోవడానికి కడుపు మండుతోంది. మీ బడి లేకపోతే ఆ పిల్ల ఆ గది దాకా వచ్చేదే కాదు, తలెత్తి ఆ "లేదండీ" అనేదీ కాదు. ఆ గొంతు ఇచ్చింది మీ సారే. అందులోంచి అసలు మాట కోసేసిందీ ఆయనే. ఆయన్ని మెచ్చుకోవాలో చెంప పగలగొట్టాలో తెలియడం లేదు.

ఇంటికి రా. లేదా ఇక్కడికి రా. నా పక్కన కాస్సేపు కూర్చుందువుగాని.

అత్త


హాస్టల్
ఆదివారం

అత్తా,

వస్తాను. నీ ఉత్తరం అందిన రోజే బయల్దేరేదాన్ని, ఒక సంగతి ఆపింది.

సారుకి జరిగిందంతా తెలిసింది. తిడతారనుకున్నాను. నన్ను తన గదిలోకి పిలిచి, కళ్ళు మెరుస్తుండగా, "తప్పు ఒప్పుకుని అవకాశం వదులుకున్న సంఘటన! ఇంత మంచి అనుభవం ఎవరి దగ్గరుంది? కాస్త దిద్దుదాం, వేరే కంపెనీ వాళ్ళు ఎగరేసుకుపోతారు" అన్నారు. ఆ మనిషి నిజంగానే నా మంచి కోరే అన్నారు అత్తా, అదే భయంకరం. ఇది ఎక్కడా చెప్పను, మీరు కూడా ఎవరి చేతా చెప్పించకండి అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

మూగనోము ఇవాళ మీ కంపెనీ శిక్షణకి వెళ్ళిపోయింది. కిందదాకా పెట్టె నేనే మోశాను. ఆటో ఎక్కేముందు ఇన్నాళ్ళూ అడగలేకపోయినది అడిగేశాను. "క్లాసులో నీ కథ మేమంతా పంచుకుని చెబుతుంటే ఎందుకు ఊరుకున్నావే? ఒక్కసారైనా నాదని అరవలేదేం? నేను ముందు నిలబడి నటిస్తుంటే అలా చూస్తూ ఎలా కూర్చున్నావు?"

పెట్టె ఆటోలో ఎక్కించుకుంది. ఆటో అతను తొందరపెడుతున్నాడు. నేనింక చెప్పదనుకున్నాను.

"నువ్వు చెబితే అందరూ దిగేవారు కదా," అంది. "రోజూ ఒకసారి ఆవిడ కూడా దిగేది. అది వినడానికే కూర్చునేదాన్ని."

ఆటో వెళ్ళిపోయింది. నేను గేటు దగ్గరే నిలబడి ఉన్నాను, వార్డెన్ వచ్చి లోపలికి రమ్మనేదాకా.

నీ కోడలు